ఉగాదికి ముందే వచ్చిన గాలి

నా చిన్నప్పుడు గాలివానకు ఒక కాలం ఉండేది. ఉగాది వెళ్ళాలి, ఎండలు ముదరాలి, మధ్యాహ్నం దాకా ఆకు కదలక ఒళ్ళంతా జిడ్డు కట్టాలి. అప్పుడు సాయంత్రానికి నల్లమల వైపు నుంచి మబ్బు లేచేది. కాసేపు దుమ్ము, కాసేపు గాలి, ఎప్పుడైనా నాలుగు వడగళ్ళు. రాలిన మామిడి పిందెలు ఏరుకోవడానికి పిల్లలం పరుగెత్తేవాళ్ళం. గాలివానతో నాకున్న పరిచయం అంతే. కానీ డెబ్బైల మధ్యలో ఒక ఏడు అది ఫాల్గుణంలోనే వచ్చింది. ఆ రోజు జరిగింది ఇన్నేళ్ళయినా నేను మరిచిపోలేదు.

మా ఊరు రొంపిచెర్లకు దగ్గర. మాది ఊరి చివర డాబా ఇల్లు. ముందు పెంకులు కప్పిన పంచ, దాని వెనక మేం ముందు గది అని పిలిచే పెద్ద గది, ఆ వెనక వంటిల్లు. ఇంటి వెనకే మిరపకాయలు ఆరబోసుకునే కల్లం. కల్లం దాటి కాస్త నడిస్తే కాలవ కట్ట, దాని పక్కన వరసగా గుడిసెలు. మా చేలో కాయ కోసేదీ, కల్లంలో ఆరబెట్టేదీ, రంగు పోయిన తాలుకాయ ఏరేదీ ఆ గుడిసెల వాళ్ళే. వాళ్ళలో ఒక అక్క ఉండేది. మనిషి సన్నగా, ఎప్పుడూ నవ్వుతూ ఉండేది. ఆమె చేతులు కాయల మీద ఎంత వేగంగా కదిలేవంటే, మిగిలినవాళ్ళు ఒక గంప ఏరేలోపు ఆమె రెండోది మొదలుపెట్టేది. ఆమెకు చంటిపిల్లవాడు. కల్లం పక్కన వేపచెట్టుకు పాత చీర ఉయ్యాల కట్టి వాణ్ణి పడుకోబెట్టుకునేది. వాణ్ణి ఊపే పని నాకు ఇష్టం.

ఆ రోజుల్లో మా అమ్మ పురిటికి పుట్టింటికి వెళ్ళింది. ఇంట్లో నాన్న, నాయనమ్మ, నేను. మా నాయనమ్మ గట్టి మనిషి. తాతయ్య పోయాక వ్యవసాయం ఆమే చేయించి నాన్నను పెంచింది. మాట కటువుగా ఉండేది కానీ ఎవరి కూలీ ఎగ్గొట్టి ఎరగదు, ఆకలితో వచ్చినవాళ్ళను ఉత్త చేతులతో పంపి ఎరగదు. ఆ మాట ఆమె కూడా గర్వంగానే చెప్పుకునేది.

గాలి వచ్చిన రోజు నాన్న గోతాల కోసం నరసరావుపేట వెళ్ళాడు. కల్లం నిండా కాయ ఆరబోసి ఉంది. మూడు పాళ్ళు ఎండిన కాయ, ఇంకో రెండు రోజులు ఎండ తగిలితే గోతాలకెత్తొచ్చు. మధ్యాహ్నం భోజనాల తర్వాత పడమర నల్లబడింది. ముందు ఎవరూ పట్టించుకోలేదు. ఫాల్గుణంలో వానేమిటి అనుకున్నారు. అంతలో చల్లటి గాలి ఒక్కటి మొహానికి కొట్టింది. కాయలేరే అక్క నిలబడి అటు చూసి, "పెద్దమ్మా, ఇది ఉత్త మబ్బు కాదు. వడగళ్ళ మబ్బు" అంది.

ఇక పరుగులే పరుగులు. ఆడవాళ్ళు చీపుళ్ళతో కాయను కుప్పలు చేశారు, మగవాళ్ళు గోతాలకెత్తారు. నాయనమ్మ ముందు గది తలుపులు రెండూ బార్లా తీయించింది. మంచం, పెట్టెలు గోడకు నెట్టించింది. ఒకరి వెనక ఒకరు నెత్తిన గోతాలతో లోపలికి వచ్చి పడేసి వెళ్ళారు. గోతాలు అయిపోతే చాపల్లో, దుప్పట్లలో మూటలు కట్టి తెచ్చారు. గుడిసెల వాళ్ళు ఆ గదిలో అడుగుపెట్టడం నేను చూసింది ఆ రోజే. మామూలు రోజుల్లో వాళ్ళు వచ్చేది పెరటి వైపు, నిలబడేది పెరట్లో. ఆ తేడా అప్పటి నా కళ్ళకు తేడాగా కనపడలేదు. లోకం అలాగే ఉంటుందనుకున్నాను.

కాయ అంతా లోపలికి చేరేసరికి గాలి ఊపందుకుంది. "ఇంక పోండి పోండి, మీ కొంపలు చూసుకోండి" అని నాయనమ్మ వాళ్ళను పంపించింది. అక్క ఉయ్యాల విప్పి పిల్లవాణ్ణి చంకనేసుకుని కాలవ కట్ట వైపు పరుగెత్తింది.

కిటికీలోంచి నేను చూస్తూనే ఉన్నాను. చేల మీద దుమ్ము స్తంభంలా లేచి తిరుగుతూ వచ్చింది. సుడిగాలులు నాకు కొత్త కాదు. ఎండాకాలం బీళ్ళలో ఎండుటాకుల్ని తిప్పుతూ పోయేవి, మేం వాటి వెంటపడి దెయ్యమంటూ ఉమ్మేసేవాళ్ళం. ఇది అలాంటిది కాదు. తాడిచెట్టు కంటే ఎత్తుంది, లారీ వచ్చినట్టు చప్పుడు చేస్తోంది. గుడిసెల వరస మీదికి వచ్చి కాసేపు అక్కడే తిరిగింది. కప్పులు గడ్డి మోపుల్లా పైకి లేచాయి. ఒక కప్పు మొత్తంగా లేచి, గాల్లో పల్టీ కొట్టి, కాలవలో పడింది. వెంటనే వడగళ్ళు మొదలయ్యాయి.

కాసేపటికి ఎవరో మా తలుపు బాదారు. నాయనమ్మ ఒక రెక్క ఓరగా తీసింది. అక్క, చంకలో పిల్లవాడు, వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు. తల నుంచి కాళ్ళ దాకా తడిసి, రొప్పుతున్నారు.

"పెద్దమ్మా, కప్పు లేచిపోయింది. పిల్లోడు..."

నాయనమ్మ వెనక్కి తిరిగి గది చూసింది. నేనూ చూశాను. గోతాలు దూలాల దాకా ఉన్నాయి, మూటల్లోంచి కాయ నేల మీదికి జారుతోంది, ఘాటుకు నేను తుమ్ముతూనే ఉన్నాను. తెరిచిన సందులోంచి గాలి దూరి కాయలు లేపుతోంది.

"లోపల కాలు పెట్టే సందు లేదే. పంచన నిలబడండి, తగ్గిద్దిలే" అని నాయనమ్మ తలుపు మూసి గడియ పెట్టింది.

ఆమె అబద్ధం చెప్పలేదు. గది నిజంగానే నిండిపోయింది. కానీ నాయనమ్మా నేనూ అందులోనే నిలబడి ఉన్నాం. వంటింట్లోకి వెళ్ళే దారి ఖాళీగానే ఉంది. చంటివాడి ఏడుపు తలుపుకు అటు పక్కన, నా తల ఎత్తున వినిపిస్తోంది. "నాయనమ్మా, పిల్లోడు ఏడుస్తున్నాడు" అన్నాను. ఆమె గడియ మీద చెయ్యి అలాగే పెట్టి నిలబడింది, తీయడానికో, ఊడిపోకుండా పట్టుకోవడానికో నాకు తెలియలేదు. అంతలో పెళపెళమని పంచ పెంకులు లేచిపోయిన చప్పుడు, ఆడవాళ్ళ కేక. ఆ తర్వాత పిల్లవాడి ఏడుపు ఆగిపోయింది.

అప్పుడు నాయనమ్మ గడియ లాగింది. పంచ కప్పు సగం లేదు. ఇద్దరు ఆడవాళ్ళు మూలకు నక్కారు. అక్క గోడకు మొహం పెట్టి, పిల్లవాణ్ణి పొట్టకు అదుముకుని, వాడి నెత్తి మీద తన కుడి చెయ్యి బోర్లించి కూర్చుంది. జారిన పెంకు ఆ చేతి మీద పడింది. వేళ్ళ నుంచి రక్తం పిల్లవాడి చెంప మీదుగా కారుతోంది. మేము వాడి రక్తమే అనుకున్నాం. నాయనమ్మ వాణ్ణి లాక్కుని తల తడిమి చూసింది. వాడికి చిన్న గీత కూడా లేదు. బెదిరిపోయి ఊపిరి బిగబట్టాడంతే. కాసేపటికి మళ్ళీ ఏడుపు లంకించుకున్నాడు. ఏడుపు వింటే అంత ఊరట కలుగుతుందని నాకు అప్పుడే తెలిసింది.

ఆ పాటికి గాలి వెళ్ళిపోయింది. మొత్తం కలిపితే బియ్యం ఉడికేంత సేపు కూడా లేదు. వెనకే ఎండ కూడా వచ్చింది.

సాయంత్రం నాన్న బస్సు దిగి పరుగున వచ్చి, గది నిండా ఉన్న కాయ చూసి, "తడవలా? అమ్మయ్య, బతికాం" అన్నాడు. నాయనమ్మ ఆ మాటకు మొహం తిప్పుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ పూట ఆమె అన్నం తినలేదు.

అక్కకు ఎముకలకు కట్టు కట్టే ముసలాయన చేత కట్టు కట్టించారు. ఖర్చు నాయనమ్మే పెట్టుకుంది. గుడిసెలకు తాటాకు ఇప్పించింది, నాన్నను పంపి కొత్త కప్పులు వేయించింది. పిల్లవాడికని రోజూ చెంబుడు పాలు నాతో పంపేది. అక్క పాలు తీసుకుని చెంబు కడిగి ఇచ్చేది. కట్టు విప్పేసరికి రెండు వేళ్ళు వంకరగా అతుక్కున్నాయి. మళ్ళీ కల్లానికి వచ్చి ఎడమ చేత్తో కాయ ఏరడం మొదలుపెట్టింది. కుడి చేతిని ఒళ్ళో పెట్టుకునేది. ఇప్పుడు అందరికంటే ఆమె గంపే ఆలస్యంగా నిండేది.

ఒకరోజు నాయనమ్మ ఉండబట్టలేక ఆమె ఎదురుగా వెళ్ళి కూర్చుంది.

"ఏమే, నా మీద కోపంగా ఉందా?"

"కోపమెందుకు పెద్దమ్మా. కాయ తడిస్తే మాకు మాత్రం పని యాడుంటది" అంది అక్క, కాయల మీంచి కళ్ళెత్తకుండా.

నాయనమ్మ లేచి వచ్చేసింది. తిట్టినా బాగుండేది అని తనలో తను అనుకోవడం నేను విన్నాను.

ఆ నెలంతా ఊళ్ళో ఒకటే మాట. ఫాల్గుణంలోనే గాలి ఇట్టా తిరిగితే చైత్ర వైశాఖాల్లో ఏమవుద్దో అని. ముందుంది ముసళ్ళ పండగ అని అరుగుల మీద పెద్దవాళ్ళు తలలు ఊపేవారు. రేకుల ఇళ్ళ వాళ్ళు రేకుల మీద బండరాళ్ళు పెట్టుకున్నారు. గడ్డివాములకు మోకులు కట్టారు. మా పంచకు నాన్న కొత్త పెంకులు వేయించాడు. నాయనమ్మ రోజూ మధ్యాహ్నం పెరట్లో నిలబడి, చెయ్యి నొసట పెట్టుకుని పడమర చూసేది. అందరూ చూసేది భయంతో. ఆమె చూపులో భయంతో పాటు ఇంకేదో ఉండేది. ఇప్పుడనిపిస్తుంది, ఆమె ఆ గాలి కోసం ఎదురు చూసింది. ఇంకొక్కసారి వస్తే బాగుండునని.

ఒక మధ్యాహ్నం నాకు జడ వేస్తూ వేస్తూ ఆగింది.

"ఆ రోజు కాయలు లేకపోతే నేను తలుపు తీసేదాన్నా? గది ఖాళీగా ఉంటే వాళ్ళను లోపలికి రానిచ్చేదాన్నా? నువ్వు చెప్పవే."

చిన్నదాన్నే కానీ, రానిచ్చేది కాదని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. మళ్ళీ పాయలు తీసుకుని అల్లడం మొదలుపెట్టింది. ఆ రోజు నా జడ చాలా బిగుతుగా వచ్చింది. తప్పు చేసిన మనిషి సాకును పట్టుకుని బతకొచ్చు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా ఆ సాకునే అందిస్తారు. మా నాయనమ్మ దాన్ని తన చేత్తోనే తీసి పక్కన పడేసింది. అది ఎంత కష్టమో ఆ వయసులో నాకేం తెలుసు.

ఉగాది వెళ్ళింది. ఆఖరి కోత కాయ కల్లంలో ఉంది. కాలవకు నీళ్ళు ఆపేశారు. ఒకరోజు మళ్ళీ పడమర నల్లబడింది, మళ్ళీ ఆ చల్లగాలి. ఈసారి ఎవరూ తేలిగ్గా తీసుకోలేదు. నాన్న కూలీలతో కుప్పలు చేయించి, మొదటి గోతం తనే నెత్తికెత్తుకుని ముందు గది దగ్గరికి వచ్చాడు. గుమ్మంలో నాయనమ్మ నిలబడి ఉంది, రెండు చేతులూ ద్వారబంధానికి రెండు వైపులా ఆనించి.

"కాయ లోపలికి తేవద్దురా."

"నీకేమన్నా మతి పోయిందా అమ్మా? వాన వస్తంది!"

"పట్టా కప్పు. నిలిస్తే నిలుస్తది, నానితే నానుద్ది. ఈ గదిలోకి మనుషులు రావాల."

నాన్న చాలా అరిచాడు. ఏడాది కష్టం అన్నాడు, అప్పులన్నాడు. ఆమె కదల్లేదు. ఆఖరికి గోతం అక్కడే విసిరేసి పట్టాలు కప్పడానికి పరుగెత్తాడు. కుప్పలు కాగానే ఇళ్ళకు పొమ్మని కూలీలను ముందే పంపేసింది నాయనమ్మ, మా ఇంటికి రమ్మనే మాట మాత్రం అప్పుడు అనలేదు. గదిలో చాపలు పరిచింది. పొయ్యి మీద పెద్ద గిన్నెలో కాఫీకి నీళ్ళు పెట్టింది. తలుపులు రెండూ బార్లా తెరిచి, నన్ను పిలిచి, "పోయి అందర్నీ రమ్మను. నాయనమ్మ రమ్మందని చెప్పు. పిల్లాజెల్లా అందరూ" అంది.

నేను పరుగెత్తాను. గుడిసెల్లో ఎవరూ లేరు. తలుపు తడకలకు తాళ్ళు కట్టి ఉన్నాయి. కోళ్ళు కూడా లేవు. కట్ట ఎక్కి చూస్తే దూరంగా కాలవ మీది వంతెన కింద అందరూ కనిపించారు. నీళ్ళు లేని కాలవలో, వంతెన నీడన, మేకలతో, మూటలతో. అంత దూరం పిలిస్తే వినపడదు. చినుకులు మొదలయ్యాయి. భయమేసి తిరిగి వచ్చి, నాయనమ్మకు చెప్పాను.

ఆమె ఆ ఖాళీ గది వైపు, పరిచిన చాపల వైపు చాలాసేపు చూసింది. పొయ్యి మీద నీళ్ళు మరిగి పొంగుతున్నా పట్టించుకోలేదు. తర్వాత ఒక గోతాన్ని మడిచి నెత్తిన ముసుగులా వేసుకుని, ఇంకోటి నా నెత్తిన వేసి, నా చెయ్యి పట్టుకుని వానలోకి దిగింది. వెనక నుంచి నాన్న ఏదో కేక వేశాడు. ఆమె వెనక్కి చూడలేదు.

కట్ట మీద వడగళ్ళు మమ్మల్ని పట్టుకున్నాయి. గోతం మీద పడుతుంటే రాళ్ళు విసిరినట్టే ఉంది. నాయనమ్మ మోకాళ్ళ నొప్పుల మనిషి. కాలవ గట్టు మట్టిలో జారి, కూర్చుండిపోయి, అలాగే జరుగుతూ కిందికి దిగింది. వంతెన కింద ఉన్నవాళ్ళు మమ్మల్ని చూసి బిత్తరపోయారు. అక్కడ నిజంగానే సందు లేదు. జనం, మేకలు, మూటలు, ఒకరి మీద ఒకరు పడ్డట్టు కూర్చున్నారు. నాయనమ్మ వంతెన అంచున, వానలోనే ఆగిపోయింది. లోపలికి రావచ్చా అని అడగాలన్నట్టు నిలబడింది. కానీ ఆమెకు అడగడం అలవాటు లేదు.

అప్పుడు అక్క లేచింది.

"ఏందే అట్టా చూస్తారు? జరగండి. పెద్దమ్మ తడుస్తంది" అని వంకర వేళ్ళ చెయ్యి చాచి ఆమె మోచెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. అందరూ తలా కాస్త జరిగారు. ఎవరో మేకపిల్లను ఒళ్ళోకి తీసుకున్నారు. మా ఇద్దరికీ చోటయింది. నాయనమ్మ కూర్చుంది. ఆమె భుజానికి ఒక పక్క అక్క, ఇంకో పక్క ఎవరో ముసలమ్మ. అలా ఒకరికొకరు తగులుకుని కూర్చోవడం ఆమె జన్మలో అదే మొదటిసారి అయి ఉంటుంది.

"తలుపులు తీసిపెట్టానే. చాపలేశా. అంతా ఖాళీ చేశా" అంది నాయనమ్మ. ఆమె గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. "ఎవరూ రాలా."

అక్క పిల్లవాణ్ణి ఒళ్ళో సర్దుకుంది. ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"మాకేం తెలుసు పెద్దమ్మా. ఇక్కడైతే ఎవర్నీ అడిగే పని లేదు గదా అని వచ్చాం."

నాయనమ్మ తల వంచుకుంది. కాసేపటికి అక్క కుడి చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని, ఆ రెండు వేళ్ళ మీద తన చెయ్యి కప్పి ఉంచింది. క్షమించమని అడగలేదు, అక్క ఫరవాలేదని అనలేదు. వాన వెలిసేదాకా అలాగే కూర్చున్నారు. చంటివాడు నిద్రలో ఉండి, మధ్యలో ఒకసారి కాలు చాచి నాయనమ్మ పొట్టలో తన్నాడు.

ఆ గాలి కప్పుల జోలికి రాలేదు. కానీ పట్టాలు లేచిపోయి కాయ సగం నానింది, నల్లబడింది. నాన్న ఆ తర్వాత నెలంతా నాయనమ్మతో సరిగ్గా మాట్లాడలేదు. అందరూ అంతగా భయపడిన వైశాఖం ఉత్త ఎండలతోనే పోయింది. ఆ ఏడు ఇంక గాలివాన రాలేదు. ఊరంతా ఊపిరి పీల్చుకుంది. నాయనమ్మ మాత్రం మబ్బు కనిపించిన ప్రతిసారీ చాపలు పరిచి కూర్చునేది. ఎవరూ వచ్చే అవసరం పడలేదు. తర్వాతి ఏళ్ళలో గుడిసెల స్థానంలో పక్కా ఇళ్ళు వచ్చాయి. అక్క వాళ్ళు మాచర్ల వైపు వెళ్ళి స్థిరపడ్డారని విన్నాను. నాయనమ్మ పోయేనాటికి కూడా ఆ బాకీ తీరలేదనే ఆమె అనుకుంది. నాతో చెప్పకపోయినా నాకు తెలుసు.

నాకిప్పుడు మనవరాళ్ళున్నారు. చేసిన తప్పును దిద్దుకోవడానికి మనం సిద్ధపడ్డ రోజున అవతలివాళ్ళు మన దగ్గరికి రావాలని ఏమీ లేదు, మనమే వానలో నడిచి వెళ్ళాలి, అక్కడ వాళ్ళు చోటిస్తే తల వంచుకుని కూర్చోవాలి అని వాళ్ళకు చెప్పాలనుకుంటాను. చెప్పబోతే పెద్ద మాటల్లా ఉంటాయి, మానేస్తాను. కానీ నరసరావుపేట బస్సులోనో, ఆసుపత్రి బల్ల మీదో, ముక్కూ మొహం తెలియని మనిషి ఎవరైనా "రామ్మా, కూర్చో" అని కాస్త పక్కకు జరిగితే, నేను వెంటనే కూర్చోలేను. ఒక్క క్షణం నిలబడి వాళ్ళ మొహం చూస్తాను. ఆ కాస్త చోటు నాకు ఎవరూ బాకీ పడలేదని గుర్తుచేసుకుని, అప్పుడు కూర్చుంటాను.